జీపు తలుపు మీద బొమ్మ

"ఆ జీపు నేనెక్కను. కాళ్లు లేవా నాకు? ఓటేయాలంటే నడిచే పోతా."

"ఊరంతా ఎక్కుతాండారు. మనమొక్కరం ఏరైతే మన వీధికి బోరింగు యాడ నుంచి వస్తాదే?"

"ఆ మైకులో గొంతు గుర్తు పట్లేదా నువ్వు? డబ్బాపాల గొంతది."

"గొంతుకేముందే? కూలికి అరుస్తాడు వాడు. నిన్న పాలు, ఈ పొద్దు ఓట్లు."

"ఆ పొద్దు గూడా ఊరంతా డబ్బాపాలే తాపుతాండారనే అంటివి."

ఓట్లకు ముందు రోజు సాయంత్రం, ఆళ్లగడ్డ పక్కన మా ఇంట్లో, పొయ్యి ముందు కూర్చుని అమ్మ, గడపలో నిలబడి నాయన ఇట్లా వాదించుకున్నారు.

ఆ పాల డబ్బా ఇప్పటికీ నా వంటింట్లో ఉంది. అంచులు తుప్పు పట్టాయి, మెంతులు పోసుకుంటున్నాను. పారెయ్యమని కోడలు పోరుతుంది. గట్టి రేకు, ఎందుకు పారేస్తాను? మూత తీసినప్పుడల్లా మెంతుల చేదు వాసన కింద ఆ పొడి తీపి ముక్కుకు తగులుతుంది. కోడలికి తగలదట.

ఆ ఓట్లకు రెండేళ్ల ముందు, చెనక్కాయలు పెరికే కాలంలో తమ్ముడు పుట్టాడు. కళ్లంలో కాయల కుప్పలు, పచ్చిమట్టి వాసన, మంటలో తంపటేసిన కాయలు ఒలుచుకుంటూ మేము తొక్కుడుబిళ్ల ఆడుతుంటే, ఇంట్లో అవ్వ బాలింతకు పాలు పడాలని వెల్లుల్లి కారం నూరి, వేడి జొన్నసంగటిలో కలిపి, అమ్మ వద్దన్నా ముద్ద మీద ముద్ద పెట్టేది. అప్పుడే నంద్యాల నుంచి మైకు కట్టుకుని ఆ జీపు వచ్చింది. తలుపు మీద బూరెబుగ్గల పిల్లోడి బొమ్మ. "తల్లులారా, మీ పాలల్లో బలం చాలదు. చదువుకున్న తల్లులంతా డబ్బాపాలే పడుతున్నారు" అని పొద్దున ఒకసారి, మాపున ఒకసారి అదే మాట. నాలుగు రోజులకు మేము ఆ మాటనే పాటగా పాడుకుంటూ బిళ్ల తొక్కాం. జీపులో తెల్లకోటు వేసుకున్న ఒకామె దిగి, అమ్మ చేతిలో డబ్బా ఊరికే పెట్టింది. ఆమె డాక్టరా అని ఎవరూ అడగలేదు. ఆ కోటు చూసి మా అవ్వే లేచి నిలబడింది. వెల్లుల్లి నూరడం మానేసింది.

ఊరికే వచ్చిన డబ్బా అయిపోయేసరికి అమ్మకు పాలు ఎండిపోయాయి. రెండో డబ్బా నాయన కొనుక్కొచ్చాడు. అది ఎక్కువ రోజులు రావాలని అరచెంచా పొడికి గ్లాసెడు బావినీళ్లు పోశారు. తెల్లగా ఉంది కదా, పాలేననుకున్నారు. తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోతుంటే బస్సులో, అమ్మ ఒళ్లోనే పోయాడు.

ఓట్లప్పుడు వచ్చింది ఆ జీపే. తలుపుకు పార్టీ రంగు పూశారు గానీ పలచగా పూశారు. ఎండ పడితే కింద ఆ బుగ్గలు కనిపించేవి. మైకు మళ్లీ "తల్లులారా" అనే మొదలుపెట్టింది. మీ బతుకులకు కాపుదల లేదంది, ఊళ్లన్నీ మావైపేనంది.

నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. ఆ మైకు దగ్గర నేర్చుకున్నదే నా చదువు. ముందు నీలో ఏదో తక్కువని భయపెడతారు, ఆ తక్కువకు మందు తమ చేతిలోనే ఉందంటారు. కోటు చూపిస్తారు, కోటు లోపలి మనిషి ఎవరో చెప్పరు. అందరూ అంటే ఎవరెవరని అడిగితే జీపు ముందుకు కదులుతుంది. ఇప్పుడు ఆ జీపు లేదు, కళ్లాలు లేవు, బాలింతకు వెల్లుల్లి నూరే అవ్వలూ లేరు. మనవరాలి ఫోనులో మాత్రం ఎవరో నవ్వుతూ "అందరూ ఇదే వాడుతున్నారు" అంటుంటారు. ఎవరే ఆ అందరూ అంటే, "నీకు తెలీదులే అవ్వా" అంటుంది. మా వీధికి బోరింగు మాత్రం రానేలేదు.

ఆ ఓట్ల రోజు పొద్దున్నే జీపు మా వీధి మొగన ఆగింది. ఆడవాళ్లంతా తలలు దువ్వుకుని వచ్చి ఎక్కారు. నాయన ముందు కూర్చున్నాడు. అమ్మ కాసేపు గడపలో నిలబడింది. తర్వాత చెప్పులేసుకుని వచ్చి, తలుపు వైపు చూడకుండా, వెనక నుంచి ఎక్కింది.