మొదటి అక్షరం జారిపోయిన మాటలు

ఇడపనూరులో నేను పాఠం చెప్పే బడిపిల్లల కోసం అట్టముక్కల మీద ఇంగ్లీషు మాటలు రాసుకునేదాన్ని. ఆ వారం ఐ, జి, హెచ్, టి అనే నాలుగక్షరాలతో ముగిసే మాటలు. నాన్న రాయచూరులో నా దగ్గరే ఉండేవాడు, ఇంగ్లీషు మాస్టారుగా రిటైరైన మనిషి. సాయంత్రం నేను అట్ట చూపిస్తే చదివి, పిల్లలకు తెలిసేలా తెలుగులో అర్థం చెప్పేవాడు.

ఆ రోజు మొదటి అట్ట మీద ‘బ్లైట్’ అని రాశాను. పంటకు తగిలే తెగులు.

“లైట్. వెలుతురు” అన్నాడు నాన్న.

నవ్వాను. “సరిగ్గ చూడు నాయనా.”

“చూసిన. వెలుతురే.”

తర్వాతిది ‘ఫ్రైట్’. భయం. “రైట్. కుడి” అన్నాడు. దురవస్థ అనే అర్థమున్న ‘ప్లైట్’కు మళ్లీ వెలుతురే అన్నాడు, ఈసారి విసుగ్గా.

“ఒక్క మాటనే ఎన్నిసార్లు రాసినవ్ బిడ్డా?”

ఆయన కళ్లజోడు తుడిచి పెట్టాను. ‘బ్లైట్’ అట్ట మళ్లీ చూపించి, మొదటి అక్షరం ఏందో చెప్పమన్నాను. “ఎల్” అన్నాడు, తడుముకోకుండా. దానికి ఎడమన ఉన్న ‘బి’ బొటనవేలంత లావున ఉంది.

అప్పుడు మధ్యాహ్నం ఆయన వదిలేసిన పళ్లెం కళ్లముందుకొచ్చింది. కుడివైపు అన్నం శుభ్రంగా తిన్నాడు. ఎడమవైపు పప్పూ కూరా ముట్టుకోలేదు. కూర నచ్చలేదేమో అనుకున్నాను. పొద్దున ఎడమ భుజం తలుపుకు కొట్టుకుంటే, “ఈ దర్వాజ ఎవరు జరిపిన్రే?” అని నవ్వాడు. నేనూ నవ్వాను.

లేచి ఆయన ఎడమవైపుకు వెళ్లి నిలబడి పిలిచాను. నాన్న కుడివైపు తిరిగి, ఖాళీ కుర్చీని చూస్తూ అడిగాడు.

“యాడికి పోయినవ్ బిడ్డా?”

నా భర్త కరెంటు ప్లాంటులో డ్యూటీలో ఉన్నాడు. పక్కింటాయన ఆటో తీశాడు. ఆసుపత్రికి వెళ్లే దారంతా నాన్న హాయిగానే ఉన్నాడు, అనవసరంగా హైరానా పడుతున్నానని నన్ను కోప్పడుతూ.

స్కాన్ తీశాక డాక్టరు నన్ను బయటకు పిలిచింది. మెదడు కుడిభాగంలో రక్తం గడ్డకట్టిందట. “కళ్లు బాగానే ఉన్నాయి. ఎడమవైపు ఒకటుందన్న సంగతే మెదడుకు అందటం లేదు” అంది. మళ్లీ గడ్డకట్టొచ్చని, చెయ్యో కాలో తిమ్మిరెక్కినా ఆగకుండా తీసుకురమ్మని కూడా చెప్పింది.

మర్నాడు పొద్దున నేను వార్డులోకి వెళ్లేసరికి నాన్న గడ్డం గీసుకొని కూర్చున్నాడు. కుడి చెంప నున్నగా ఉంది. ఎడమ చెంప మీద తెల్లటి గడ్డం అలాగే ఉంది.

“చూడు, మంచిగున్న. ఇంటికి పోదాం” అన్నాడు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది అదే. సగం లోకం పోయింది. పోయినట్టు ఆయనకు తెలియదు.

తేరుకోవడానికి నెలలు పట్టింది. ఇప్పుడు తల ఎడమకు తిప్పుకోవాలని గుర్తుచేస్తే చదవగలడు. రోడ్డు మీదికి మాత్రం ఒంటరిగా పంపను. ఎడమనుంచి వచ్చే లారీ ఆయనకు లేనట్టే.

నిన్న పేపరు మడుస్తూ కుడిచెయ్యి రెండుమూడుసార్లు విదిలించాడు.

“ఏమైంది నాయనా?”

“తిమ్మిరి. ఏం లేదు.”

తిమ్మిరే కావచ్చు. అయినా పొయ్యి ఆర్పేసి, ఆయన చెప్పులు తెచ్చి ముందుపెట్టాను.