బండారి పెట్టిన గొట్టం

చిట్యాల దాటాక పెద్దరోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు కురుమయ్య గొర్రెల మందను అమ్ముకుని అందులో పనికి చేరాడు. తాతముత్తాతల నుంచి గొర్రెలను కాసిన ఇంటివాడు ఇక ఇనుమును కాస్తాడా అని ఊళ్లో నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, అన్నమాట మాత్రం నిజం. మామూలు తుప్పు మనకందరికీ తెలుసు, నీళ్లు తగిలితే పడుతుంది, గీకితే పోతుంది. కొలిమిలో పట్టే తుప్పు అలాంటిది కాదు. ఎర్రగా కాలిన ఇనుమును గాలే తినేస్తుంది. పొరలు పొరలుగా రాలి చివరికి చిల్లు పడుతుంది. అలా కాకుండా ఉండాలని, లోపల గ్యాసు మండే కొలిమి గొట్టాలను అల్యూమినియం పొడి, నవాసాగరం అనే ఉప్పు కలిపి నింపిన పెట్టెలో పాతి, మూత బిగించి, రోజంతా కాలుస్తారు. ఆ లోహం ఇనుములోకి ఇంకి పైన పొర కడుతుంది. ఆ పొర ఉన్నంతకాలం గొట్టానికి ఢోకా లేదు. పెట్టెలో పెట్టేముందు మాత్రం నూనె మరక అన్నది లేకుండా తుడవాలి. తుడవడంలో కురుమయ్య పెట్టింది పేరు.

తమ్ముడు బీరన్న భువనగిరి దగ్గర ఒక ఫ్యాక్టరీలో కొలిమి చూసుకునేవాడు. అన్న నోట్లో నాలుక లేనివాడైతే, తమ్ముడు నవ్వకుండా ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. ఒక దసరా ముందు ఆ కొలిమికి బిగించాల్సిన కొత్త గొట్టాలు అన్న పనిచేసే షెడ్డుకే వచ్చాయి. కురుమయ్య సంతోషం పట్టలేకపోయాడు. మంద దూరపు మేతకు కదిలేటప్పుడు ముందు నడిచే పొట్టేలు నుదుట బండారి పెట్టకుండా వాళ్ల ఇంట్లో ఎన్నడూ పంపలేదు. బండారి అంటే దేవుడి దగ్గరి పసుపు. బీరప్ప గుడి నుంచి తెచ్చిన ఆ పసుపును నూనెలో తడిపి, శుభ్రంగా తుడిచిన మొదటి గొట్టం మీద బొటనవేలితో బొట్టు పెట్టాడు. తమ్ముడు నిలబడే చోటికి పోయే గొట్టం కదా. నూనె తగలనివ్వద్దని పదిమందికి చెప్పే మనిషికి, దేవుడి బొట్టులో ఉన్నదీ నూనేనని తట్టలేదు. ప్రేమ ముంచుకొస్తే తెలివి పక్కకు తప్పుకుంటుంది, ఎవరినని తిడతాం.

పెట్టె తెరిస్తే గొట్టమంతా బూడిదరంగులో ఉంది. బొట్టు పెట్టిన చోట మాత్రం రూపాయి బిళ్లంత నల్లమచ్చ. అక్కడ పొర కట్టలేదని దాని అర్థం. కురుమయ్య అలా అనుకోలేదు. అంత నిప్పులో కూడా బొట్టు చెరగలేదు, దేవుడు తోడున్నాడు అనుకుని, గొట్టాన్ని కళ్లకద్దుకుని పంపాడు.

ఎండాకాలంలో ఆ మచ్చ దగ్గరే గొట్టానికి చిల్లు పడింది. కొలిమి తలుపు తీసిన బీరన్న మీదికి మంట తన్నింది. హైదరాబాదు దవాఖానలో కొన్నాళ్లు కొట్టుకుని పోయాడు. షెడ్డుకు తిరిగొచ్చిన పగిలిన ముక్కను చేతిలో తిప్పిచూసిన మేస్త్రీ, కాల్చకముందే ఇక్కడ నూనె తగిలినట్టుందని గొణిగాడు. పక్కనే నిలబడ్డ కురుమయ్య తన బొటనవేలి వైపు చూసుకున్నాడు.

ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు, ఇక్కడ కాలినవి అతని చేతులు కూడా కావు. పని మానేశాడు, ముద్ద మింగలేకపోయాడు. దినాలు అయిపోయాక, తమ్ముడి భార్య మమత ముందు కూర్చుని బొట్టు సంగతంతా చెప్పేశాడు. ఆమె దుమ్మెత్తిపోయాలని, చెప్పుతో కొట్టాలని అతని ఆశ.

మమత కొంగు అంచును వేళ్లతో మడిచింది.

"గా మచ్చ ఆయన సూసిండు బావా," అంది. "బిగించేటప్పుడే సూసిండు. పక్కోడు గిది మంచిగ లేదు, వాపస్ పంపుదమన్నడట. పొట్టేలుకు పెట్టినట్టే మా అన్న పెట్టిన బండారి గిది, గిదే ముందుగాల బిగియ్యాలె అని కొట్లాడిండట. ఇంటికొచ్చి నవ్వుకుంట చెప్పిండు."

లోపలి గదిలో ఆ అన్నదమ్ముల తల్లి సత్తమ్మ, చిన్నకొడుకు చొక్కాలను ఒక్కొక్కటీ మడతపెడుతూ సన్నగా ఏడుస్తోంది.

"అత్తకు చెప్పకు బావా," అంది మమత. "ఒక్క కొడుకే పోయిండని ఏడుస్తాంది. గట్లనే ఏడ్వనియ్."