తగ్గిందని గెంతి చూపించిన కాలు

సహోదరులారా, అమ్మలారా, అందరికీ వందనాలండీ. నేను కెజీయాని. మిమ్మల్ని నవ్వుతూ పలకరించిన ఆ రోజుల్లో నా సైకిల్ సీటు కింద చిన్న పంక్చర్ డబ్బా ఒకటి ఉండేది, అందులో పంక్చర్ సామాను ఉండేది కాదు, నొప్పి మాత్రలుండేవి. పొద్దున్న లేవగానే రెండు, ఈతకు ముందు ఒకటి, పరుగుకు ముందు రెండు, అప్పటికీ తగ్గకపోతే దారిలో ఇంకొకటి, ఇలా మింగీ మింగీ చివరికి నొప్పి ఉన్నా లేకపోయినా మాత్ర పడకపోతే చేతులు వణికే స్థితికి వచ్చానండీ. నిషేధించిన మందులేమీ కావు, ఏ మందుల షాపులో అడిగినా ఇచ్చేవే. ఆ సంగతి అమ్మకు తెలియదు, నాన్నగారికి తెలియదు, ఈ సంఘానికి అసలే తెలియదు. ఎందుకు దాచానో చెప్పడానికే ఈ రోజు పాస్టర్ గారిని మైకు అడిగాను.

మా ఇంటి సంగతి మీలో చాలామందికి తెలిసిందే, కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెబుతున్నాను. నాన్నగారు స్కూల్లో పీఈటీగా చేశారు, కృష్ణానదిలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈది పందేలు గెలిచిన మనిషి. అమ్మ కబడ్డీలో యూనివర్సిటీ టీముకు కెప్టెన్, ఇప్పటికీ రైతుబజారులో ఎవరైనా వరస తప్పి ముందుకొస్తే అమ్మ చెయ్యి అడ్డం పెట్టే తీరు చూసి తీరాలి. అన్నయ్య సైకిల్ పందేల మనిషి. అలాంటి ఇంట్లో పుట్టిన నేను ఈత, సైకిలు, పరుగు మూడూ ఒకేసారి చేయించే ట్రయథ్లాన్‌లో పడ్డానంటే ఆశ్చర్యమేముంది! కిలోమీటరున్నర ఈది, ఒంటి మీద తడి ఆరకుండానే నలభై కిలోమీటర్లు సైకిల్ తొక్కి, దిగీ దిగగానే పది కిలోమీటర్లు పరిగెత్తాలి, ఒలింపిక్స్‌లో ఉండే దూరం అదే. తెల్లారేసరికి నదిలో ఉండేదాన్ని, ఎండెక్కేలోగా మైలవరం దాకా తొక్కి వచ్చేదాన్ని, సాయంత్రం కరకట్ట మీద పరుగు. నేను అన్నం తింటున్నా నాన్నగారు వాచీ చూసేవారు! దేవుని కృపవల్ల జాతీయ పతకాలు వచ్చాయి, దేశం తరఫున బయటి దేశాల్లో పోటీ చేశాను, ఇక మిగిలింది ఒలింపిక్సే. దానికి దారితీసే పోటీలకు జట్టును ఎంపిక చేస్తారని తెలిసినప్పటి నుంచి ఇంటిల్లిపాదీ ఆశలన్నీ నా కాళ్ల మీదే పెట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఎడమ కాలు మోకాలి కింద ఎముక నొప్పి పట్టుకుంది. మీకు గుర్తుండే ఉంటుంది, నా కోసం మూడు రోజులు ఉపవాస కూడికలు పెట్టారు, మూడో రోజు నూనె రాసి మీరంతా నా చుట్టూ నిలబడి కన్నీళ్లతో ప్రార్థించారు. ఆ రోజు నొప్పి తగ్గిన మాట నిజమండీ, అందులో అబద్ధం లేదు. ఆ సంతోషం పట్టలేక ఆదివారం ఇదే చోట నిలబడి, దేవుడు నా కాలు పూర్తిగా స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పి, ఈ చివర నుంచి ఆ చివరికి గెంతి మరీ చూపించాను. హల్లెలూయా అని మీరు ఎంత గట్టిగా అన్నారో! ఆ వీడియో ఎన్ని ఫోన్లు తిరిగిందో, కూచిపూడి దగ్గర మా మేనత్త వాళ్ల సంఘంలో తెర మీద వేశారట.

గురువారం కరకట్ట మీద పరిగెత్తుతుంటే నొప్పి మళ్లీ వచ్చింది.

ఇంటికొచ్చి నాన్నగారికి చెప్పబోయాను. ఆయన కంగారుగా, “అమ్మా, నోటితో అవిశ్వాసం పలకకు. సాక్ష్యం చెప్పేశావు కదా, ఇప్పుడు నొప్పి అంటే దేవుడి పేరు ఏమైపోతుంది?” అన్నారు. ఆయన్ని తప్పుపట్టడం లేదండీ, మనందరం అలా మాట్లాడుకునేవాళ్లమే, తుమ్మినా జలుబు అనకుండా స్వస్థత పొందానని చెప్పుకునేవాళ్లమే. ఆ మాట పట్టుకుని నేను నేరుగా మందుల షాపుకు వెళ్లాను. ఆకాశాన్నీ భూమినీ చేసినవాడి పరువు కాపాడే బాధ్యత కెజీయా మీద పడిందట, అదీ మాత్రలతో! ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, కానీ ఆ ఏడాదంతా కుంటకుండా నడవడమే నా ఉద్యోగమైపోయింది. చర్చి మెట్ల దగ్గర కూడా ఎవరైనా చూస్తున్నారేమో అని ముందు ఎడమ కాలే వేసేదాన్ని. కడుపులో మంట, పొద్దున్న లేస్తే మొహం ఉబ్బు, చీలమండల దగ్గర వాపు, అమ్మ అడిగితే నీళ్లలో నానడం వల్ల అనేదాన్ని. ప్రార్థన చేయడానికి మోకరిస్తే ఏం మాట్లాడాలో తెలిసేది కాదు, నొప్పి అనే మాట ఒక్కటీ తప్ప అన్నీ చెప్పేదాన్ని.

ఎంపిక పోటీ ఇంకా మూడు వారాలుందనగా, ఒక సాయంత్రం మార్తమ్మ టీచర్ గారు మా ఇంటికి వచ్చారు. ఇక్కడే మూడో వరసలో ఉన్నారు, నాకు సండే స్కూల్లో పాటలు నేర్పిన టీచర్ గారు. నన్ను దీవించి పంపాలని పెరుగన్నం కలిపి తెచ్చారు. కుంటుతూ వచ్చారు. కాలికి పాత చీర గుడ్డ చుట్టి ఉంది, ఏమైంది టీచర్ గారూ అంటే, మొహం వెలిగిపోతుండగా ఇలా అన్నారండీ: “నీ సాక్ష్యం విన్నప్పటి నుంచి షుగర్ మాత్రలు ఆపేశాను కెజీయా. సూది కూడా మానేశాను. నీ కాలు బాగుచేసిన దేవుడు నా కాలు బాగుచేయడా ఏంటి?”

గుడ్డ విప్పి చూశాను. రెండు వేళ్లు నల్లబడి ఉన్నాయి. నా గుప్పిట్లో అప్పుడు, పరుగుకు ముందు వేసుకోవాల్సిన రెండు మాత్రలున్నాయి.

సహోదరులారా, ఆ మాత్రలతోనే స్నానాలగదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాను. చెబితే ఎంపిక పోతుంది, నాన్నగారు సంఘంలో తలెత్తుకోలేరు, వీడియో చూసినవాళ్లంతా నన్ను అబద్ధాలకోరు అంటారు, చెప్పకపోతే ఆవిడ కాలు పోతుంది, ప్రాణమే పోవచ్చు. అంత తెలిసి కూడా, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఈ మూడు వారాలు గడవనిచ్చి చెబుదామా అని ఒకసారి అనుకున్నాను. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే భయమేసింది. అక్కడే తడి గచ్చు మీద మోకరించి, “ప్రభువా, నీ పేరు నేను మోయలేను. నాకు నొప్పిగా ఉంది. ఏడాది నుంచి ఉంది. నేను అబద్ధమాడుతున్నాను. ఆవిడ కాలు పోతే నేను బతకలేను తండ్రీ, నా నోరు తెరువు” అని ఏడ్చాను. ఏ స్వరమూ వినబడలేదండీ, ఏ వెలుగూ రాలేదు. కానీ ఏడాది తర్వాత మొదటిసారి దేవుడితో మాట్లాడాననిపించింది, గడియ తీసే ధైర్యం వచ్చింది.

పంక్చర్ డబ్బా తెచ్చి ఇంట్లో అందరి ముందూ బల్ల మీద బోర్లించాను. నా కాలు బాగుపడలేదు టీచర్ గారూ, ఇవి మింగి నడుస్తున్నాను, నా మాట నమ్మి మీరు మందులు మానొద్దు అని కాళ్లు పట్టుకున్నాను. నాన్నగారి నోట వచ్చింది ఒక్క మాటే, “నేనే కదమ్మా నిన్ను మాట్లాడొద్దన్నది.” మా కెప్టెన్ అమ్మ మాత్రం, “ఏడుపులు తర్వాత. ముందు ఆస్పత్రికి పదండి, ఇద్దర్నీ చూపిద్దాం” అని చెప్పులు వేసుకుంది.

టీచర్ గారికి రెండు వేళ్లు తీసేశారు, పాదం నిలిచింది. ఇంకో వారం ఆలస్యమైతే పాదం కూడా దక్కేది కాదన్నారు డాక్టర్ గారు. నా ఎముకలో సన్నని బీట ఉంది, అంతకంటే కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి, ఇలాగే ఇంకొన్నాళ్లు మింగి ఉంటే పరుగు మాట అటుంచి బతుకే డయాలసిస్ యంత్రం మీద ఆధారపడేదట. ఎంపిక పోటీకి వెళ్లలేదు. ఒలింపిక్స్ తలుపు నాకు అక్కడితో మూసుకుపోయింది, బాధ లేదంటే అది ఇంకో అబద్ధమవుతుంది, ఉందండీ. మాత్రలు మానిన మొదటి నెలల్లో ఒళ్లంతా చెమటలు, వణుకు, అమ్మ మీద అరిచేదాన్ని, అమ్మ నా తల ఒళ్లో పెట్టుకునేది. మార్తమ్మ గారు కర్ర పట్టుకుని వారం వారం వచ్చేవారు. నా వల్ల వేళ్లు పోగొట్టుకున్న మనిషి నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఏం ప్రార్థించేవారో తెలుసా? “ప్రభువా, ఈ పిల్లకి మాత్రల యావ తీసెయ్యి, నా పుండు మాన్పు, మా ఇద్దరికీ కాస్త బుద్ధి ఇవ్వు.” మూడూ ఆలకించాడు. దేవునికే మహిమ! ఏడాది దాటింది నేను నొప్పి మాత్ర ముట్టి. కిడ్నీలు నిలకడగా ఉన్నాయి, డాక్టర్ గారు ఇచ్చిన మందులు వేళకు వేసుకుంటున్నాను. ఎముక విశ్రాంతితో అతుక్కుంది, మెల్లగా పరిగెత్తుతున్నాను, కొంతమంది ఆడపిల్లలకు ఈత నేర్పుతున్నాను.

ఇప్పుడు ఫోన్లు తీయండి. మొదటి వీడియో ఎవరెవరికి పంపారో వాళ్లందరికీ ఇది కూడా పంపండి, మార్తమ్మ గారి కోరిక అది. నా దేవుడు స్వస్థపరిచే దేవుడే, ఇప్పటికీ నమ్ముతున్నాను, కానీ ఆయన ముందు కుంటుతూ వెళ్లినా ఆయనకు చిన్నతనమేమీ లేదు. మీలో ఎవరికైనా, నోటితో అనకూడదని దాచుకున్న నొప్పి ఉంటే, ఈ రోజు చెప్పండి. చప్పట్లు వద్దు. ఉన్నచోటే లేచి నిలబడండి చాలు, నమ్మదగిన తండ్రి ఆయన, మీ నొప్పి విని నొచ్చుకోడు.

నాన్నగారూ... మీరెందుకు లేచారు?

ఛాతీలోనా? ఎన్నాళ్ల నుంచి? రెండు నెలలా నాన్నగారూ!

లేదు, అమ్మను చూడకండి, అమ్మ ఏమీ అనదు. అన్నయ్యా, బండి తియ్యి. పాస్టర్ గారూ, మీరూ రండి, ప్రార్థన దారిలో చేసుకుందాం. నా చెయ్యి పట్టుకోండి నాన్నగారూ, మెల్లగా. చెప్పారు కదా, అదే చాలు. దేవునికే మహిమ.