థర్మామీటరు గారి అరచెయ్యి

ఏ వస్తువునైనా చెయ్యి పెట్టి చూడందే పెద్ద ఇంజనీరు గారికి నమ్మకం కుదరదు. మునిసిపాలిటీలో కరెంటు విభాగానికి ఆయనే పెద్ద. ఎవరింటికైనా వెళితే అందరూ ముందు మనుషుల్ని పలకరిస్తారు, ఆయన ముందు ఫ్రిజ్జును పలకరిస్తారు. దాని వెనక్కి వెళ్ళి, అరచెయ్యి ఆనించి, డాక్టరు నాడి చూసినట్టు కళ్ళు మూసుకుని, "వేడెక్కింది" అంటారు. ఆయన లెక్కలో ప్రపంచంలో వస్తువులు రెండే రకాలు: వేడెక్కినవీ, వేడెక్కబోయేవీ. వెలగడానికి కొన్న దీపం కాలిపోతున్నా, నీళ్ళు తోడడానికి కొన్న మోటారు కాగిపోతున్నా ఆయనకి ఎవరో తన జేబులో చెయ్యి పెట్టినట్టు ఉంటుంది. అందుకే ఆఫీసులో ఆయనకి థర్మామీటరు అని పేరు పెట్టారు. వెనక అనుకునేటప్పుడు కూడా చివర 'గారు' తగిలించేవారు. ఆ మాత్రం గౌరవం ఉంది.

చిన్న ఇంజనీరు ఉద్యోగంలో చేరిన రోజున, ఆ అమ్మాయి చాచిన కాగితాలు ఆయన అందుకోలేదు. ఆమె భుజాన ఉన్న సంచీ మీద చెయ్యి వేశారు.

"లోపల ఏదో వేడెక్కిందమ్మాయ్."

"అది నా అన్నం సార్."

"ఓహో. అన్నానికి హక్కుందిలే," అని అప్పుడు కాగితాలు తీసుకున్నారు.

ఇంత తిక్క మనిషి కింద ఎలా నెట్టుకురావాలిరా భగవంతుడా అనుకుంది ఆమె. కమిషనరు గారమ్మాయి పెళ్ళిలో ఆ బెంగ ఇంకా పెరిగింది. పెళ్ళికొడుకు నవ్వుతూ చెయ్యి చాచాడు. థర్మామీటరు గారి చెయ్యి కూడా చక్కగానే బయలుదేరింది. కానీ అది పెళ్ళికొడుకును దాటుకుని, వెనకాల నిలబెట్టిన పెద్ద లైటు మీదికి పోయింది. ఆ పిల్లాడి చెయ్యి గాల్లో ఊగుతూ ఉండిపోవడం పెళ్ళి వీడియోలో స్పష్టంగా కనిపిస్తుంది. కమిషనరు గారు ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఆ ముక్కే వేసి చూపిస్తారు, కోపంతోనో సరదాతోనో ఎవరికీ తెలియదు.

పాత క్యాషియరు పోయినప్పుడు ఇంకా అన్యాయం. ఐసు పెట్టెలో పెద్దమనిషి పడుకుని ఉన్నాడు, చుట్టూ జనం కళ్ళు తుడుచుకుంటున్నారు. ఈయన వెళ్ళి పెట్టె పక్కన చెయ్యి ఆనించి, తల వంచుకుని చాలాసేపు నిలబడ్డారు. క్యాషియరు గారి భార్య అది చూసి కళ్ళొత్తుకుంది. "మా వారంటే మీకెంత ప్రేమండీ," అంది. ఆయన తల ఊపి, పక్కనున్న చిన్న ఇంజనీరు చెవిలో గొణిగారు.

"కంప్రెసరు కొట్టుకుంటోందమ్మాయ్. ఎక్కువసేపు ఆగదు."

అన్నట్టే అది ఆగింది. అప్పటికే ఆయన ఫోను చేసి తెప్పించిన రెండో పెట్టె గుమ్మంలో ఉంది. ఆ రోజు చిన్న ఇంజనీరుకి ఆయన మీద నవ్వొచ్చింది గానీ పూర్తిగా రాలేదు.

ఇక మునిసిపాలిటీ సంగతి. వచ్చిన పన్నుల్లో పెద్ద ముక్క కరెంటు బిల్లుకే పోయేది. నీళ్ళ పంపులు తాతల కాలంనాటివి, వీధి దీపాలు తండ్రుల కాలంనాటివి. వాటిని ఎందుకు మార్చలేదంటే డబ్బు లేదు. డబ్బెందుకు లేదంటే బిల్లు కట్టేశాం. బిల్లెందుకు అంత వచ్చిందంటే వాటిని మార్చలేదు. ఈ గానుగ చుట్టూ ఏళ్ళ తరబడి తిరుగుతుండగా ఒక బ్యాంకు ముందుకొచ్చింది. కొత్త పంపులకీ, తక్కువ కరెంటు తాగే ఎల్‌ఈడీ దీపాలకీ అప్పిస్తాం, బిల్లులో తగ్గినంత సొమ్ము నెలనెలా మాకు కట్టండి, అప్పు తీరాక మిగిలేదంతా మీదే అంది.

ఈ మాట కౌన్సిల్లో పెడితే ఒక సభ్యుడు లేచాడు. "మిగలబోయే డబ్బుతో అప్పు తీర్చడమా? మా బావమరిది కూడా ఇలాగే చెప్పి నా స్కూటరు తీసుకెళ్ళాడు."

"స్కూటరు తిరిగొచ్చిందా?" అన్నారు చైర్మన్.

"బావమరిదే తిరిగి రాలేదు."

సభ అంతా అటే మొగ్గింది. కమిషనరు గారు బొమ్మలూ గీతలూ చూపించి అలిసిపోయారు. అప్పుడు థర్మామీటరు గారు లేచి, అందరూ ఒక్కసారి పంపుహౌసు దాకా రావాలన్నారు. కాసేపు బయట తిరిగినట్టుంటుందని అందరూ వ్యానెక్కారు. అక్కడ పాత మోటారు చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. ఆయన దాని మీద చెయ్యి వేసి, స్కూటరు పోగొట్టుకున్న సభ్యుడి వైపు తిరిగారు.

"మీరూ పెట్టండి."

సభ్యుడు పెట్టాడు. పెట్టినంత వేగంగా తీసి వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు.

"ఇదేం చేస్తోందంటారు?" అని అరిచారు థర్మామీటరు గారు.

"నీళ్ళు తోడుతోంది."

"కాస్త తోడుతోంది. తక్కిన కరెంటుతో తనని తాను కాచుకుంటోంది. ఇప్పుడు మీకు చురుక్కుమన్నది పోయిన నెల బిల్లే."

సభ్యుడు వేళ్ళు ఊదుకుంటూ, "దీనికంటే మా బావమరిదే నయం. కాల్చలేదు," అన్నాడు. తీర్మానం ఆ మోతలోనే, ఒకరికొకరు అరుచుకుంటూ ఆమోదించారు.

అంత కష్టపడి సాధించిన అప్పు. తీరా పత్రాల మీద సంతకాలు పెట్టే రోజున, కమిషనరు గారి గదిలో, థర్మామీటరు గారు కలం మూత తీసి, కాగితాలు తిరగేసి, మళ్ళీ మూత పెట్టేశారు.

"జాబితాలోంచి బడి వీధి కేబులు ఎందుకు కొట్టేశారు?"

బ్యాంకు నుంచి వచ్చిన ఆఫీసరమ్మ మర్యాదగానే చెప్పింది. "దీపాలు మారిస్తే బిల్లు తగ్గుతుంది. పంపులు మారిస్తే తగ్గుతుంది. కేబులు మారిస్తే ఏం తగ్గుతుంది సార్? ఆదా లేనిదానికి మేం అప్పివ్వలేం."

"అయితే నేను సంతకం పెట్టలేను."

కమిషనరు గారికి ఏసీ గదిలో చెమట పట్టింది. "నెలాఖరు దాటితే అప్పు రద్దవుతుందండీ. ఒక్క వీధి కోసం ఊరంతా చీకట్లో పెడతారా?"

థర్మామీటరు గారు లేచారు. పోతూ పోతూ ఏసీ మీద చెయ్యి వేసి చూసి, పెదవి విరిచి వెళ్ళిపోయారు. పెద్దాయనకి చివరికి మతి పోయిందని ఆఫీసంతా తేల్చేసింది. చిన్న ఇంజనీరుకి మాత్రం ఒళ్ళు మండింది. ఆ ప్రణాళికలో సగం ఆమె రెక్కల కష్టం.

మర్నాడు పొద్దున్నే, జల్లు ఇంకా పూర్తిగా వెలవకముందే, ఆయన్ని కడిగేద్దామని ఇంటికి వెళ్ళింది. ఆయన భార్య తలుపు తీసింది.

"ఆయన లేరమ్మా. స్తంభాలు పట్టుకోవడానికి వెళ్ళారు. వాన పడితే తెల్లారగానే వెళ్ళిపోతారు. కొందరు మగాళ్ళు పేకాటకి వెళతారు, మా ఖర్మ ఇలా కాలింది."

బడి వీధిలో కనిపించారు ఆయన. ఒక చేతిలో గొడుగు, కాళ్ళకి రబ్బరు బూట్లు. ఒక్కో ఇనప స్తంభం దగ్గరా ఆగి చెయ్యి తగిలిస్తున్నారు. చిన్న ఇంజనీరు దూరంగా నిలబడి చూసింది. దీపం ఎక్కడో పైనుంది, కింద స్తంభం వేడెక్కేదేముంది అనుకుంది. అప్పుడు గమనించింది. ఆయన అరచెయ్యి ఆనించడం లేదు. చేతిని వెనక్కి తిప్పి, వేళ్ళ వెనకవైపుతో తాకుతున్నారు.

బడి గేటుకి ముందున్న స్తంభం దగ్గర ఆయన తుళ్ళిపడి వెనక్కి తూలారు. గొడుగు ఎగిరి కాలవలో పడింది. ఆమె పరిగెత్తుకుంటూ వెళ్ళింది.

"ఏమైంది సార్?"

"ఏం లేదు. కాస్త కొట్టింది," అని చెయ్యి విదిలించుకున్నారు. "కేబులు పైతొడుగు చీకిపోయి స్తంభానికి తగులుతోంది. వాన పడితే ఏదో ఒక స్తంభంలోకి కరెంటు దిగుతుంది. ఏ స్తంభమో చూస్తే గానీ తెలీదు."

"చేత్తో చూస్తారా? టెస్టరు లేదా?"

"ఉంది. అది వెలగకపోతే కరెంటు లేదనా, టెస్టరు పాడైందనా? చేతికి ఆ అనుమానం ఉండదు."

"చేతికి ఉండదు. మీ ఇంట్లో ఆవిడకుంటుంది, మీరు తిరిగొస్తారా అని."

"అందుకేగా చెయ్యి వెనక్కి తిప్పేది. అరచెయ్యి పెడితే వేళ్ళు ముడుచుకుపోయి కరెంటు పట్టుకుంటుంది, వదలదు. ఇలా అయితే విసిరికొడుతుంది, అంతే," అన్నారు ఆయన, ఏదో వంట చిట్కా చెబుతున్నట్టు.

"లైను ఆపేయొచ్చుగా?"

"ఇదే కేబులు నీళ్ళ ట్యాంకు మోటారుకీ వెళుతుంది. ఆపితే కొళాయిలు ఎండుతాయి. లైన్‌మన్‌కి ఫోను చేశాను, వచ్చి ఇవాళ్టికి అతుకు వేస్తాడు. రేపు ఇంకోచోట చీకుతుంది."

"పైవాళ్ళకి రాయలేదా సార్?"

"ఎన్నోసార్లు రాశాను. కాయితం షాకు కొట్టదుగా, ఎవరూ ఉలిక్కిపడలేదు."

ఈలోగా పిల్లలు రావడం మొదలైంది. ఆయన స్తంభానికి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడ్డారు. ఒక పిల్ల ఆగి, "తాతగారూ, ఇవాళ దీనికి జ్వరమా?" అంది.

"జలుబు. దగ్గరికొస్తే అంటుకుంటుంది. అటుపక్కనుంచి పొండి."

పిల్లలు నవ్వుకుంటూ రోడ్డు దాటి అటుపక్కనుంచి వెళ్ళారు. లైన్‌మన్ వచ్చేదాకా ఆయన అలాగే నిలబడ్డారు, దిష్టిబొమ్మలాగా. కడిగేద్దామని వచ్చిన చిన్న ఇంజనీరు కాలవలోంచి గొడుగు తీసి, దులిపి, ఆయన నెత్తిన పట్టింది.

లైన్‌మన్ అతుకు వేసేలోపు ఆమె తన మీటరు తెచ్చి కేబులుకి తగిలించి చూసింది. అంకె చూసి ఆమెకి ఒక ఆలోచన తట్టింది. అక్కణ్ణుంచి తిన్నగా ఆయన్ని వెంటబెట్టుకుని బ్యాంకుకి వెళ్ళింది.

"మేడం, కుళాయి కారితే నీళ్ళు వృథానా కాదా?" అంది ఆఫీసరమ్మతో.

"వృథాయే."

"బడి వీధి కేబులు కారుతోంది మేడం. వాడని కరెంటు భూమిలోకి పోతోంది, దానికీ మేం బిల్లు కడుతున్నాం. ఇదిగో కొలత. పెద్దదేం కాదు గానీ, ఉంది."

ఆఫీసరమ్మ కొలత చూసి, అది ఎక్కడికి పోతోందో, ఎవరు తాకుతున్నారో అడిగి తెలుసుకుంది. తర్వాత చాలాసేపు థర్మామీటరు గారి బూట్ల వైపు చూసింది.

"నిన్ననే ఈ మాట చెప్పొచ్చుగా సార్?"

"నిజం చెప్పాలంటే తట్టలేదు మేడం," అన్నారు ఆయన, సిగ్గుపడుతూ. "ఆ వీధికెళితే నాకు పిల్లలే కనిపిస్తారు, యూనిట్లు కనిపించవు."

"మా పత్రంలో పిల్లలకి గడి లేదు. వృథాకి ఉంది. అందులో రాయండి."

ఆమె తన ల్యాప్‌టాప్‌లో ఆ వాక్యం మార్చి, సంతకాల కాగితం ఆయన ముందుకి జరిపింది. ఆయన చెయ్యి కాగితం దాటి ల్యాప్‌టాప్ మీదికి పోయింది.

"బాగా వేడెక్కింది మేడం."

"నేనూ వేడెక్కాను. ముందు సంతకం పెట్టండి."

పెట్టారు. ఊళ్ళో కొత్త పంపులు వచ్చాయి, కొత్త దీపాలు వెలిగాయి, బిల్లు తగ్గింది. స్కూటరు సభ్యుడు ఈ పథకం మొదట్నుంచీ తన ఆలోచనేనని వార్డంతా చెప్పుకున్నాడు. అన్నిటికంటే ముందు బడి వీధి కేబులు మారింది. వానలు మళ్ళీ మొదలైన రోజుల్లో, ఒక పొద్దున చిన్న ఇంజనీరుకి ఆయన భార్య దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"ఆయన్ని ఎక్కడికైనా పంపమ్మా, నీకు పుణ్యముంటుంది. పొద్దున్నే పనిలేక వంటింట్లో కూర్చుంటున్నారు. కుక్కరు మీద చెయ్యి పెట్టి వేడెక్కింది, వేడెక్కింది అంటున్నారు. వేడెక్కకపోతే అన్నం ఎలా ఉడుకుతుంది తల్లీ?"

చిన్న ఇంజనీరు వెళ్ళి, "సార్, ఆసుపత్రి వీధి కేబులు కూడా అంత వయసుదే. మార్చే వంతు వచ్చే ఏడాదిగ్గానీ రాదట," అంది. ఆ మాట పూర్తయ్యేసరికి ఆయన గుమ్మంలో ఉన్నారు.

ఆసుపత్రి వీధిలో ఇద్దరూ చెరో పక్కా తీసుకున్నారు. ఆయన చేత్తో, ఆమె మీటరుతో. ఆమెకి కూడా బూట్లొచ్చాయి, కాస్త వదులు. ఆసుపత్రి ఎదురుగా టీ కొట్టాయన వీళ్ళనే చూస్తూ గ్లాసులు కడగడం మానేశాడు.

"ఏమ్మా, పెద్దాయన పిచ్చి నిన్ను కూడా పట్టుకుందా?"

"నన్నింకా పట్టుకోలేదండీ," అంది చిన్న ఇంజనీరు, తర్వాతి స్తంభం వైపు నడుస్తూ. "ఎవర్నీ పట్టుకోకూడదనే చూస్తున్నాం."