పోస్టాయన పిలిచే పేరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పద్నాలుగు మందిమి ఉండేవాళ్ళం. బెంగళూరు కాటన్‌పేటలో కింద నూలు అంగడి, పైన కాపురం. మెట్ల మీద ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు ఎక్కుతూనో దిగుతూనో ఉండేవారు. స్నానానికి వంతు, కంచానికి వంతు, అద్దం ముందు నిలబడాలన్నా వంతే. అంత సందడిలోనూ మా మేనత్త మాత్రం ఎవరూ లేని చోట ఉన్నట్టే ఉండేది. ఆమె మా నాన్నకు అక్క. పెళ్ళయిన నాలుగో ఏట మామయ్యకు విషజ్వరం వచ్చి పోయాడట. అప్పటికి నేనింకా పుట్టలేదు. ఆమె పుట్టింటికి తిరిగొచ్చి వెనక గదిలో చేరింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ గదిలో ఆమె పక్కనే పడుకునేదాన్ని. నా జడ వేసేదీ, నా చదువు వినేదీ ఆమే.

మామయ్య పేరు మా ఇంట్లో ఎవరూ పలికేవారు కాదు. అత్త పలకదు, ఎందుకంటే మొగుడి పేరు నోటితో చెప్పడం ఆ కాలపు ఆడవాళ్ళకు లేదు. చెప్పక తప్పకపోతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కనున్న పిల్లల చేత చెప్పించేవాళ్ళు. మిగిలినవాళ్ళు ఆమెకు బాధ కలుగుతుందని పలకరు. అలా ఇరువైపుల మంచితనానికీ మధ్య ఒక మనిషి పేరు మాయమైపోయింది.

నాకు ఆ పేరు తెలిసింది పోస్టాయన వల్ల. ఏడాదికి ఒకసారి, వానలు వెనకబట్టే రోజుల్లో, పొడుగాటి కవరు ఒకటి వచ్చేది. పోస్టాయన మెట్ల కింద నిలబడి మామయ్య పేరు ఇంటిపేరుతో సహా పైకి వినబడేలా పిలిచేవాడు. అత్త తలుపు దగ్గరే ఉన్నా మొదటి పిలుపుకు కదిలేది కాదు. రెండోసారి పిలిచాకే దిగి వెళ్ళి కవరు తీసుకునేది. ఆమెకు చెవులు కాస్త మందమేమో అనుకునేదాన్ని.

ఆ కవరు ఒక చిన్న హోటలు కంపెనీ నుంచి వచ్చేది. మామయ్యది దొడ్డబళ్ళాపురం. పట్టుచీరల వ్యాపారం మీద బెంగళూరు వచ్చినప్పుడల్లా దండు వైపు, అంటే కంటోన్మెంటులో, ఒక హోటల్లో దిగేవాడట. కింద బీరు అంగడి, పైన పదహారు గదులు. ఆ యజమాని హోటల్ని కంపెనీగా మార్చి, తరచూ వచ్చేవాళ్ళకు షేర్లు అమ్మితే మామయ్య యాభై కొన్నాడు. మొదట తన పేరు, దాని కింద అత్త పేరు రాయించాడు, ఉత్తరాలకు మా ఇంటి చిరునామా ఇచ్చాడు. కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "ఆ మేడలో ఒక మెట్టు మనది" అన్నాడట. ఈ సంగతి అత్త నాకు ఒకే ఒక్కసారి చెప్పింది, చెబుతూ నవ్వింది కూడా.

మా అవ్వకు మాత్రం ఆ కవరంటే ఒళ్ళు మంట. ఉల్లిపాయ తరగాలన్నా పంచాంగం చూసుకునే ఇల్లు మాది. అలాంటి ఇంటికి బీరు అంగడి నుంచి ఉత్తరమా! దానికి ఆమె పెట్టిన పేరు సారాయి కాగితం. గడప దాటించే ముందు దాని మీద పసుపునీళ్ళు చల్లేది. ఎవరి పాపం ఎంత తగ్గిందో గాని, ప్రతి ఏడూ ఆ కవరు మీద పచ్చటి మరకలు పడేవి.

కవరులో ఏముందో అత్త చదవలేదు, ఆమెకు ఇంగ్లీషు రాదు. తెలుగూ కన్నడమూ కూడబలుక్కుని చదివేది, అంతే. నాకు పదకొండేళ్ళు వచ్చాక ఒక సెలవురోజు ఆమె ట్రంకు పెట్టె సర్దుతూ ఆ కవర్లన్నీ బయటికి తీశాను. ఒక్కొక్క దాంట్లో కంపెనీ లెక్కల పుస్తకం, మీటింగుకు రమ్మని ఒక పిలుపు, వాటి మధ్యన ఒక డివిడెండు చెక్కు. అన్ని చెక్కులూ మామయ్య పేరు మీదే. ఒక్కటీ బ్యాంకు మొహం చూడలేదు.

నేను ఇంగ్లీషులో క్లాసు ఫస్టు. ఆ పొగరు తలకెక్కి ఉంది. బస్సు చార్జీలకు కూడా తమ్ముడి ముందు నిలబడే అత్త, ఇంత డబ్బు పెట్టెలో పెట్టుకుని తెలియక కూర్చుందని జాలిపడ్డాను. అడగనిదే అమ్మైనా పెట్టదని సామెత ఉండనే ఉంది, మరి హోటలువాడు ఎందుకు పెడతాడు? నోటుపుస్తకంలో కాగితం చించి, గౌరవనీయులైన అయ్యా అని మొదలుపెట్టి, షేర్లున్న ఆయన చనిపోయి చాలా ఏళ్ళయిందనీ, ఇక మీదట మా అత్త పేరున డబ్బు పంపవలసిందనీ నా ముత్యాల ఇంగ్లీషులో రాసి పోస్టు డబ్బాలో వేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా చేస్తే మెప్పు ఎక్కువ వస్తుందనుకున్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అప్పుడు నాకు చెప్పేవాళ్ళు లేకపోయారు.

జవాబు రెండు వారాల్లో వచ్చింది. ఈసారి పలచటి కవరు. పోస్టాయన మెట్ల కింద నిలబడి పై చిరునామా చదవబోయి ఆగిపోయాడు. దాని మీద అత్త పేరు ఉంది, ఆ కింద మామయ్య పేరు, పేరుకు ముందు 'లేటు' అని ఉంది. పైకి పిలవలేదాయన. మెట్లెక్కి వచ్చి కవరు ఆమె చేతికిచ్చి, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

నన్ను చదవమంది. చదివాను. తమకు సమాచారం అందిందనీ, మరణ ధ్రువపత్రమూ షేరు కాగితమూ తెస్తే ఆ పేరు తీసేసి షేర్లన్నీ ఆమె పేర ఉంచుతామనీ, ఇకపై ఆయన పేరున ఉత్తరాలు పంపడం ఆపేశామనీ రాశారు. చదివి, శభాష్ అంటుందని మొహంలోకి చూశాను.

"వాళ్ళకెట్ల తెలిసె?" అంది.

"నేనే రాసినా అత్తా."

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. నాతో కాక గోడతో అన్నట్టుగా అంది: "ఏడాదికి ఒక దినం ఆయన పేరు ఈ ఇంట్లో వినపడతా ఉండె, పాపా. రెండు మార్లు."

అప్పుడు తెలిసింది నాకు, ఆమె చెవులకు ఏ మందమూ లేదని. ఆమెకు ఉన్నది ఆ ఒక్క రోజు. దాన్ని నేను పోస్టులో వేసి వచ్చాను.

తిట్టలేదు. తిట్టి ఉంటే ఏడ్చి కడుక్కునేదాన్ని. నాలుగు రోజులు నా జడ వేసింది, పెరుగన్నం కలిపి పెట్టింది, మాట మాత్రం లేదు. పద్నాలుగు మంది ఉన్న ఇంట్లో నాకు మొదటిసారి ఎవరూ లేరనిపించింది. ఈ ఒంటరితనంలో ఆమె ఇన్నేళ్ళు ఎలా ఉందో ఆ నాలుగు రోజుల్లో కాస్త అర్థమైంది.

అయిదో రోజు పొద్దున ఆమె బూడిదరంగు చీర కట్టుకుని, కాగితాలు గుడ్డసంచిలో పెట్టుకుంది. మా నాన్న అంగడి గుమాస్తా చేత పంపిస్తానన్నాడు, హోటలు మెట్లు ఆడవాళ్ళు ఎక్కడమేమిటని అవ్వ నెత్తి కొట్టుకుంది. అత్త అప్పటికే చెప్పులు వేసుకుంది. "నువ్వు రా" అని నన్ను మాత్రం పిలిచింది.

బస్సు దిగి హోటలు చేరేసరికి లోపల నేల కడుగుతున్నారు. కుర్చీలన్నీ బల్లల మీద బోర్లించి ఉన్నాయి. పులిసిన బీరు వాసన. అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, తరువాత ఎందుకో తీసేసింది. పక్కనే పైకి చెక్కమెట్లు. ఆమె ఒక్కొక్క మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి ఎక్కింది. ఏ మెట్టు తమదో మామయ్య చెప్పి ఉండడు కదా.

పైన ఒక చిన్న గదిలో షేర్ల గుమాస్తా ఉన్నాడు. పెద్దాయన, కన్నడం మనిషి, తెలుగు బాగానే మాట్లాడేవాడు. రిజిస్టరులో పుట వెతకడానికి షేర్లున్న వారి పేరు అడిగాడు. అలవాటు ప్రకారం చెప్పడానికి నేను నోరు తెరిచాను. అత్త నా మణికట్టు నొక్కి ఆపింది. ఆపి, ఆ పేరు తనే చెప్పింది. ఆమె గొంతులో ఆ పేరు వినడం నాకు అదే మొదలు. గొంతు లోపలే ఉండిపోవడంతో ఆయనకు అందలేదు.

"వినపడలేదమ్మా" అన్నాడు.

రెండోసారి స్పష్టంగా చెప్పింది.

ఆయన పెద్ద రిజిస్టరు దించి, పుట తీసి, ఆమె వైపు తిప్పాడు. నీలి సిరాలో మామయ్య పేరు, దాని కిందే ఆమె పేరు. ధ్రువపత్రం చూసుకుని ఎర్ర సిరా కలమూ, గీతలు గీసే బద్దా తీశాడు. అత్త అరచేయి పుట మీద పెట్టేసింది.

"చెరిపేస్తారా?"

"చెరిపేది లేదమ్మా. చెరిపే అధికారం మాకు లేదు. ఒక గీత గీసి, పక్కన తేదీ వేస్తాం. గీత కింద పేరు అట్లే ఉంటాది. కంపెనీ ఉండేవరకూ ఈ పుస్తకం ఉంటాది."

ఆమె చేయి తీయలేదు. ఆయన తొందరపడలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. కింద ఎవరో బకెట్టు ఈడ్చుకుపోతున్న చప్పుడు. కాసేపయ్యాక అత్త అడిగింది: "ఆ గీత నేను గీసేదా?"

అది వాళ్ళ పద్ధతి కాదని ఆయన మొహమే చెప్పింది. తలుపు వైపు ఒకసారి చూశాడు. తరువాత లేచి, బద్ద తనే పేరు మధ్యకు సరిగ్గా ఆనించి పట్టుకుని, కలం ఆమెకిచ్చాడు. "గీయండమ్మా. పక్కన నేను సంతకం చేస్తా."

చిన్న గీత. దానికి ఆమె చాలాసేపు తీసుకుంది. ఆయన అద్దుడు కాగితం వేసి అద్ది, తేదీ వేసి, సంతకం చేశాడు. షేరుదారులు వట్టినోటితో వెళ్ళకూడదని రెండు కాఫీలు తెప్పించాడు. బీరు అంగడి గ్లాసులో నేను తాగిన కాఫీ సంగతి అవ్వకు చచ్చేదాకా తెలియదు.

తిరుగు బస్సులో కిటికీ లోంచి చూస్తూ అత్త మాట్లాడింది. "నువ్వు రాసింది చెడ్డది కాదు, పాపా. నన్ను ఒక మాట అడిగింటే బాగుండు. రాయమని అనింటానో, వద్దని అనింటానో. ఏదో ఒకటి నేనే అనింటాను గదా." తరువాత నా తల తన ఒళ్ళోకి లాక్కుంది. నేను ఇల్లు చేరేదాకా ఏడ్చాను.

ఇప్పుడు నాకు అరవై ఏడు. మా ఆయన పోయి పద్నాలుగు నెలలు. పబ్బులూ రెండు మూడు హోటళ్ళూ నడిపే చిన్న కంపెనీ ఒకదాంట్లో ఆయన కొన్ని షేర్లు కొన్నాడు, ఇద్దరి పేర్ల మీదా. కంప్యూటరు చదువుల పిల్లలతో కిటకిటలాడే వాళ్ళ పబ్బుకు ఒక మధ్యాహ్నం నన్ను తీసుకెళ్ళి, నిమ్మరసం ఇప్పించి, ఓనరమ్మవు నువ్వు, ధైర్యంగా కూర్చో అని ఆటపట్టించాడు. మూడు నెలలకొకసారి ఆ కంపెనీ నుంచి ఆయన ఫోనుకు సందేశం వస్తుంది, ఆయన పేరు పెట్టి. అందుకే ఆ ఫోనుకు రోజూ చార్జింగు పెడతాను. రోజంతా ఇంట్లో నేనొక్కదాన్నే. కుక్కరు కూత తప్ప నన్ను పలకరించేది లేదు. ఇలా చెప్పుకోవడం నాకు సిగ్గు కాదు.

అత్త దగ్గర నేర్చుకున్నది ఒకటే. చావు జరిగిన ఇంటికి వెళితే నేను బీరువాలు సర్దను, చెప్పులు తీసి అవతల పెట్టను, కళ్ళజోడు ఎవరికైనా ఇచ్చేయమని సలహా చెప్పను. ఏమైనా చేయమంటావా అని అడుగుతాను. జవాబు రాకపోతే పక్కన కూర్చుంటాను. అలా కూర్చోవడం నన్ను చూసి ఎవరైనా నేర్చుకున్నారని ఎప్పుడూ అనుకోలేదు.

హెబ్బగోడిలో గది తీసుకుని ఉద్యోగం చేసుకుంటున్న మా తమ్ముడి మనవరాలు ఆదివారాలు వస్తుంది. మొన్న షేర్ల మీంచి మా ఆయన పేరు తీయించే ఫారం తన ఫోనులోనే నింపింది. కాగితాలన్నీ ఫోటోలు తీసి ఎక్కించింది. ఇక వేలు ఒక్కసారి తాకిస్తే చాలు. ఆ వేలు పైకెత్తి పట్టుకుని నా వైపు చూసింది.

"పంపించేదా అవ్వా? వద్దంటే అట్లే పెడతా, ఏం అర్జంటు లేదు."

నేను చార్జింగులో ఉన్న ఆయన ఫోను వైపు చూశాను. ఆ పిల్ల తన ఫోను బల్ల మీద పెట్టేసి, వచ్చి నా పక్కన కూర్చుంది.