తేనెటీగలు ఎక్కే బండి

మా పెద్దమ్మకు సంతోషం వస్తే ముందు కాళ్లకు తెలుస్తుంది. ఒకచోట నిలబడలేదు. ఆ పొద్దున విడిభాగాల దుకాణంలో గాజు బల్ల ముందు అటూ ఇటూ తిరుగుతూ, గోడకు వేలాడుతున్న ఎర్ర స్ప్రింగుల షాకబ్జార్బర్లను నగలు చూసినట్టు చూస్తోంది.

“ఏమండీ, ఎంత బాగున్నాయో చూడండి! ఇవి వేస్తే మన పికప్పు పులిలా ఉంటుంది.”

“పులి మీద తేనెటీగల్ని ఎక్కిస్తావా?” అన్నాడు పెద్దనాన్న. ఆయన దర్జీ. కొలత తీసుకోకుండా కత్తెర పట్టని మనిషి.

దుకాణం కుర్రాడు ఆ ఎర్రవాటితో పాటు బండిని ఎత్తుచేసే సామానంతా బల్ల మీద పరిచి, ఎంత రాయి అడ్డొచ్చినా దాటేస్తుందని చెప్పాడు. తర్వాత ధర చెప్పాడు. పెద్దనాన్న కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. “అంత పెడితే బండి దాటుతుంది గానీ మనం నెల దాటం” అన్నాడు. పెద్దమ్మ ఎర్ర స్ప్రింగును ఒకసారి వేలితో మీటి, బయటికి నడిచింది.

పెద్దమ్మ తేనెటీగలు పెంచుతుంది. అంతకుముందు సినిమా హాల్లో టికెట్లమ్మేది. ఒక మధ్యాహ్నం ఎక్కడినుంచో ఒక తేనెటీగల గుంపు వచ్చి టికెట్ల గది వెంటిలేటరుకి వేలాడింది. జనం పరుగులు పెట్టారు. మేనేజరు పొగ పెట్టమని అరుస్తుంటే, పెద్దమ్మ శీతలపానీయాల అట్టపెట్టె ఖాళీ చేసి, ఆ గుంపును అందులోకి దులుపుకుని ఇంటికి తెచ్చేసింది. ఎలా వచ్చిందే ఆ ధైర్యం అని అమ్మ ఎప్పుడడిగినా, “వాటికి టికెట్టు లేదని బయటికి తోసేస్తామా?” అంటుంది. హాలు తర్వాత మూతపడింది. తేనెటీగలు మాత్రం పెట్టె వెంట పెట్టె పెరిగి పెరడంతా నిండాయి. పీజీ సెలవుల్లో నేను వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా బట్టలారేయడానికి చోటు వెతుక్కోవాల్సిందే.

చిక్కల్లా కొండ మీది పండ్ల తోట దగ్గర వచ్చింది. కింద మా వైపు పూలన్నీ అయిపోయాక ఆ తోట పూతకొస్తుంది. ఆ పూత దొరక్కపోతే ఈగల్ని పంచదార నీళ్లతో బతికించాలి. అన్ని పెట్టెలకు అది పెద్దమ్మ వల్ల కాదు. సగం అమ్మేసుకోవాలి. తోట యజమాని ఒక ముసలావిడ. అందరూ మామ్మగారంటారు. కిందటేడు పెద్దమ్మ ఎంతో ఉత్సాహంగా పెట్టెలు ఎక్కించుకుని వెళ్లింది. పైకి చేరి మూతలు తీస్తే, ఫ్రేముల్లోంచి తేనెపట్లు విరిగి అడుగున పడి ఉన్నాయి. ఉన్న కాస్త తేనెలోనే ఈగలు మునిగి చచ్చిపోయాయి.

“ఇక్కడికి రాకముందే చచ్చిపోయే ఈగలు నా పూలనేం చూస్తాయి?” అంది మామ్మగారు. “వచ్చే పూతకీ ఇలాగే తెచ్చావంటే వేరేవాళ్లని పిలుచుకుంటాను. ఏమనుకోకమ్మాయ్.”

పూత దగ్గర పడింది. కొండ దారి మారలేదు. మారాల్సింది బండే.

దుకాణం నుంచి నేరుగా మెకానిక్ దగ్గరికి పోయాం. అతను పెద్దనాన్నకు చిన్నప్పటి నేస్తం. ఆయనను అన్నయ్యా అనీ పెద్దమ్మను వదినా అనీ పిలుస్తాడు. చిరిగిన సోఫా, గ్రీజు వాసన, టైర్ల మధ్య నిద్రపోయే పిల్లి, అదీ అతని షెడ్డు. పెద్దమ్మ కూర్చోకుండానే చెప్పేసింది.

“మరిదిగారూ, ఆలోచించాను. వెనక చక్రాల మీది కమాన్లకి ఇంకో ఇనుప పట్టీ ఎక్కించండి. గట్టిగా ఉంటే కదలదు. కదలకపోతే విరగదు.”

“అలాగే వదినా. గట్టిదనం అంటే నాకు వదిలెయ్.”

పెద్దమ్మ లెక్క ఈగల లెక్క. పెట్టెలో ఈగలు ఎక్కువైతే పెట్టెకు బలం. కాబట్టి కమానులో పట్టీలు ఎక్కువైతే బండికి బలం. ఆ పికప్పు రాళ్ల క్వారీ నుంచి కొన్నది. క్వారీవాళ్లు అప్పటికే దానికి అదనపు పట్టీలు వేసి ఉన్నారు. వాటి మీద మా మెకానిక్ ఇంకొకటి బిగించి, చేతులు తుడుచుకుని, “ఏనుగునెక్కించుకో!” అన్నాడు.

షెడ్డు వెనక ఎండిపోయిన వాగుంది. అందులో నడిపి చూద్దామన్నారు. ఈగలు లేని ఒక పెట్టెలో పాత తేనెపట్లు పెట్టి వెనక కట్టారు. పెద్దమ్మ దాని పక్కనే ఎక్కి కూర్చుంది.

“నువ్వెందుకక్కడ? ముందు చోటుందిగా” అన్నాడు పెద్దనాన్న.

“పిల్లలు కూర్చునే చోట నేనూ కూర్చుని చూడొద్దూ?”

వాగులో రెండో రాయి దాటగానే ఆమె గాల్లోకి లేవడం క్యాబిన్ వెనక అద్దంలోంచి నాకు కనిపించింది. అవతలి గట్టుకు చేరి మూత తీశాం. పట్టు అడుగున ముక్కలై ఉంది.  పెద్దమ్మ నడుము పట్టుకుని ఆ ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసుకుంది. ఆ కాసేపే ఆమె కాళ్లు కదలకుండా ఉండడం చూశాను.

గట్టు మీద ఇటుకల బట్టీ కూలీలు పనికి పోతూ, “బండి అటేనా? ఎక్కమంటారా?” అని అడిగారు. మెకానిక్ తలూపాడు. ఆడవాళ్లూ మగవాళ్లూ, పారలూ తట్టలూ అన్నీ కలిసి వెనక కిక్కిరిశాయి. బండి మళ్లీ వాగులోకి దిగింది. అవే రాళ్లు, అవే గుంటలు.

సగం దూరం పోయేసరికి క్యాబిన్ టాపు మీద దబదబా బాదుడు.

“ఆపండి! ఆపండి!”

ఎవరో పడిపోయారనుకుని మెకానిక్ బ్రేకు తొక్కాడు. పెద్దమ్మ వెనక నుంచి ఒక్క దూకు దూకి కిటికీ దగ్గరికొచ్చింది.

“మెత్తగా పోతోంది! వీళ్లెక్కాక ఊయలలా పోతోంది!”

“మేమేం చేశామమ్మా?” అందొక కూలీ ఆవిడ, పైనుంచి తొంగిచూస్తూ.

“ఏం చెయ్యలేదమ్మా, బరువున్నారు!”

“ఆ మాట మా ఆయన రోజూ అంటాడు. నువ్వు కొత్తగా చెప్పేదేముందిలే.”

వెనక అందరూ గొల్లుమన్నారు. పెద్దమ్మ వాళ్లను బతిమాలి అదే దారిలో ఇంకోసారి తిప్పించింది. తర్వాత దింపి, ఖాళీగా తిప్పించింది. ఖాళీ బండి మళ్లీ గుర్రంలా తన్నింది. అప్పటికి మెకానిక్కి కూడా నవ్వొచ్చింది.

“వదినా, దీనికి రాళ్ల బరువు కావాలి. నీ పెట్టెలు దీనికి దూదితో సమానం. పట్టీలు వంగవు. వంగకపోతే దెబ్బంతా పైనున్నవాటికే. నేనూ ఆలోచించలేదు చూడు, ఏం మోస్తావో తెలిసి కూడా!”

“అంటే వదులు చేయాల్సిన చోట మనం అతుకు వేశామన్నమాట” అన్నాడు పెద్దనాన్న.

“తీసేయండి మరి!” పెద్దమ్మ అప్పటికే సగం దూరం షెడ్డు వైపు నడిచేసింది.

“ఎక్కించమన్నవాళ్లే గానీ దించమన్నవాళ్లు నా షెడ్డుకి ఇంతవరకూ రాలేదు” అంటూ మెకానిక్ జాకీ పెట్టాడు. తను వేసిన పట్టీ, క్వారీవాళ్లు వేసినవీ ఊడదీశాడు. బండి వెనకభాగం కొంచెం కిందికి దిగింది. రాయి తగిలితే ఇనుముకి ఇనుము కొట్టుకోకుండా అడుగున కొత్త రబ్బరు దిమ్మలు పెట్టాడు. కమాన్ల చివర అరిగిన బుష్‌లు మార్చాడు. పాత షాకబ్జార్బర్లు నూనె కారుతున్నాయి. కమాను వంగాక ఊగుతూ ఉండిపోకుండా ఆపేవి అవేనట. వాటి దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదన్నాడు. మళ్లీ అదే దుకాణానికి పోయాం. ఎర్రవి కాదు, మూలన ఉన్న మామూలు నల్లవి. దర్జీగారు బేరమాడారు.

“తేనె నిండాక కొండ దిగేటప్పుడు బరువెక్కువవుతుంది వదినా. అప్పుడు అన్నీ ఒకేసారి వేసుకురాకు. రెండు విడతలుగా తెచ్చుకో.”

“మూడు విడతలుగా తెస్తాను. కావాలంటే కాళ్లతో నడిపించి తీసుకొస్తాను!”

వాగులో మళ్లీ తిప్పాం. ఈసారి పెట్టెలో ఉన్న పట్టు చెక్కు చెదరలేదు. పెద్దమ్మ మెకానిక్ భుజం మీద ఒక్కటిచ్చింది. అతను నిజంగానే తూలాడు.

పూత మొదలైందని మామ్మగారి నుంచి ఫోనొచ్చింది. సాయంత్రం ఈగలన్నీ ఇల్లు చేరాక పెద్దమ్మ ముందుగా సగం పెట్టెల ద్వారాలకు జాలీలు బిగించింది. తెల్లవారగానే వాటినెక్కించుకుని పెద్దమ్మా నేనూ బయల్దేరాం, బండి ఆమే నడిపింది. కొండ దారి మొదలయ్యాక ఆమె వేగం తగ్గించింది. నేను వెనక అద్దానికి చెవి ఆనించి కూర్చున్నాను. చక్రం గుంటలో దిగినప్పుడల్లా బండి వంగేది, లేచేది, అక్కడితో ఆగేది. పెట్టెల్లోని హోరు మాత్రం ఒకేలా సాగుతోంది.

“ఏమంటున్నాయే?”

“ఇందాకటి లాగే ఉన్నాయి పెద్దమ్మా.”

“మళ్లీ విను.”

తోట గేటు దగ్గర మామ్మగారు కర్ర ఆనించుకుని నిలబడి ఉంది. పలకరింపు లేదు. “ముందు మూత తియ్యి” అంది. పెద్దమ్మ మొదటి పెట్టె తీసింది. ఫ్రేము పైకి లాగింది. పట్టు నిండుగా, నిటారుగా ఉంది. దాని మీద ఈగలు కదులుతున్నాయి. రెండోది తీసింది. మూడోదానికి మామ్మగారే వంగి చూసింది. ఆఖరి పెట్టె వరకూ అంతే. పెట్టెలన్నీ చెట్ల కింద దించి జాలీలు తీయగానే మొదటి ఈగలు గడప మీద కాసేపు తచ్చాడి, గుండ్రంగా తిరిగి, తెల్లటి కొమ్మల్లోకి దూరాయి.

మామ్మగారు కర్రతో పై వరుసల వైపు చూపించింది. “అటు కూడా విచ్చుకున్నాయమ్మాయ్. అక్కడికి ఎవరినీ పిలవలేదు. మిగతా పెట్టెలు ఎప్పుడు తెస్తావు?”

 పెద్దమ్మ పరుగెత్తుకెళ్లి బండెక్కి స్టార్టు చేసింది. నేను తలుపు వేసుకునేలోపే బండి వెనక్కి తిరిగింది. తోట గేటు ముందున్న గుంటను ఆమె కావాలనే తొక్కింది. బండి మెత్తగా వంగి లేచింది.

“చూశావా! చూశావా!” అంటూ స్టీరింగు మీద చరిచింది. “సాయంత్రం పెరట్లో మిగతావాటికి జాలీలు బిగించేద్దాం. రేపు మళ్లీ ఇదే దారి!”