రెండు రంగుల గడప

మా శానిటరీ ఇన్‌స్పెక్టర్ సారు పోయిన సంగతి నాకు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది. చావు కబురు ఎవరికైనా ఫోన్లో వస్తుంది, లేదంటే వీధిలో ఎవరో ఒకరు ఆపి చెబుతారు. నాకు మున్సిపాలిటీ ముద్రతో వచ్చింది. “తమరు ఇచ్చిన ఫిర్యాదుపై విచారణ ఎదుర్కొంటున్న ఉద్యోగి మరణించినందున సదరు ఫైలు మూసివేయడమైనది. ఇది తమరి సమాచారం కోసం.” కింద ఎవరిదో సంతకం. స్టూలు మీద కూచుని రెండుసార్లు చదివాను. ఆ ఫిర్యాదు ఇచ్చినవాణ్ని నేనే.

నేను ఆయన గురించి తియ్యటి మాటలు రాయడానికి కూచోలేదు. ఆయనంటే నాకు పడేది కాదు. ఇప్పటికీ ఆయన మొహం గుర్తొస్తే ముందు ఒళ్లు మండుతుంది, మిగిలినవన్నీ ఆ తర్వాతే. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు అందరూ చెరగని చిరునవ్వు అని రాస్తారు. ఆయన నవ్వగా నేను చూడలేదు. కరోనా కాలమంతా, ఒక్కసారి తప్ప, ఆయన మొహంలో పై సగమే చూశాను, ఆ సగం ఎప్పుడూ చిరాగ్గానే ఉండేది. ఊరి పేరు కూడా రాయను. రాస్తే ఆ ఆఫీసులో ఇంకొకరి మీద ఇంకో ఫైలు తెరుస్తారు, వాళ్లకు చేతనైంది అదొక్కటే.

మాది మ్యాచింగ్ సెంటర్. జాకెట్టు గుడ్డలు, లైనింగులు, ఫాల్సులు. సరుకు ప్రొద్దుటూరు నుంచి తెచ్చుకుంటాం. జమ్మలమడుగు పక్క పల్లెల ఆడవాళ్లు, పులివెందుల పక్కవాళ్లు చీరను సంచిలో పెట్టుకుని వస్తారు, దానికి సరిపోయే రంగు వెతుక్కుంటారు. ఫాల్ కుట్టించాలంటే చీర మా దగ్గరే వదిలి, కొంగుకు పేరు చీటీ గుచ్చి పోతారు. మా అంగడి మూలమీద ఉంది. ఒక తలుపు మెయిన్ బజారులోకి, ఇంకొకటి పక్క సందులోకి. గొడవంతా ఆ రెండో తలుపుతోనే వచ్చింది.

కరోనా మొదటి ఏడాది మా ఊళ్లో రూలు అనేది ఒక పూట కూడా నిలిచేది కాదు. ఆరు నుంచి తొమ్మిది దాకా అన్నారు. రెండు రోజులకు పదకొండు దాకా అన్నారు. పదకొండుకు అలవాటు పడేలోపు మా వీధిలో ఒకరికి పాజిటివ్ వచ్చిందని రెండు చివర్లా బొంగులు కట్టేశారు. కూరగాయల మార్కెట్టును హైస్కూలు గ్రౌండుకు మార్చారు, అక్కడ జనం ఎక్కువైతే బస్సులు లేవు కదా అని బస్టాండుకు మార్చారు, బస్సులు మొదలుకాగానే మళ్లీ గ్రౌండుకు తోలారు. మార్చిన ప్రతిసారీ ఆయన సున్నం బకెట్టు పట్టించుకుని పోయి, మనిషికీ మనిషికీ మధ్య దూరం అడుగులతో కొలిచి, గుండ్రాలు గీయించేవాడు. వాన వస్తే అవి పోయేవి. మళ్లీ గీయించేవాడు. రూలు రాసిన మహానుభావుల్లో ఒక్కరు కూడా ఆ ఎండలో వచ్చి నిలబడిన పాపాన పోలేదు.

ఏదో బడి నుంచి నల్లబోర్డు ఒకటి తెచ్చి నాలుగురోడ్ల దగ్గర పెట్టాడు. ఆ రోజు ఏం తెరవాలి, ఎప్పుడు మూయాలి, అన్నీ సుద్దముక్కతో ఆయనే రాసేవాడు. కింద ఆ ఆర్డరు తన ఫోనుకు ఎన్ని గంటలకు వచ్చిందో కూడా రాసేవాడు. మధ్యాహ్నానికి ఇంకోటి వస్తే భుజం మీది తువ్వాలతో తుడిచి మళ్లీ రాసేవాడు. తువ్వాల ఎప్పుడూ తెల్లగా సుద్ద పట్టి ఉండేది.

“నిన్న ఒక మాట రాసినావు, ఈ పొద్దు ఒక మాట రాసినావు. జమ్మలమడుగులో పన్నెండు దాకా తెరిసినారంట. నీకు మతి ఉండాదా లేదా సారూ?” అని నేనే ఒకసారి అందరి ముందూ అరిచాను.

“నిన్నటిది నిన్న, ఈ పొద్దుటిది ఈ పొద్దు. రేపటిది నాకూ తెల్దప్పా” అన్నాడు, వెనక్కి తిరక్కుండా. ఎవరేం అడిగినా అదే జవాబు. మా వార్డు నాయకుడు తన బావమరిది సెల్‌ఫోన్ షాపు కోసం సిఫార్సుకు వచ్చినా అదే జవాబు. ఆ మాట వింటే నాకు పళ్లు కొరకాలనిపించేది.

తర్వాత వచ్చింది ఎడమ, కుడి ఆర్డరు. ఒక రోజు వీధికి ఎడమవైపు అంగళ్లు, ఒక రోజు కుడివైపు అంగళ్లు. రాసినవాళ్లకు బాగానే ఉంది. ఎడమంటే ఎటు నుంచి చూసి? మొదటి రోజు బస్టాండు వైపు నుంచి లెక్కబెట్టినవాళ్లు ఒక వరస తెరిచారు, పాత పోస్టాఫీసు వైపు నుంచి లెక్కబెట్టినవాళ్లు రెండో వరస తెరిచారు. బజారు పండగ ముందు రోజులా కిక్కిరిసిపోయింది. ఆయన నడివీధిలో నిలబడి ఇటు ఒకసారి, అటు ఒకసారి తిరిగి చూసుకున్నాడు. ఆ రోజు నేను కడుపుబ్బ నవ్వాను.

రెండో రోజు ఆయన ఎడమ కుడి ఎత్తేసి రంగులు పెట్టాడు. పసుపు గడపలు సోమ, బుధ, శుక్ర. నీలం గడపలు మంగళ, గురు, శని. మున్సిపాలిటీ పెయింటరు రెండు డబ్బాలతో ఊరంతా తిరిగాడు. మెయిన్ బజారులో మా వరసకు పసుపు పడింది. సందులో మా వరసకు నీలం పడింది. అలా మా ఒక్క అంగడికి రెండు గడపలు, రెండు రంగులు వచ్చాయి. పొరపాటని నాకు తెలుసు. తెలిసే నోరు మూసుకుని, వారం పొడుగునా ఒక రోజు ఈ తలుపు, ఒక రోజు ఆ తలుపు తెరిచాను. సగం రోజులు మూసుకున్నవాళ్లు నన్ను చూసి కుళ్లుకుంటే నాకు సంతోషంగా ఉండేది.

వారానికి ఆయన వచ్చాడు.

“రంగు ఏయడంలో తప్పు మాదే. షాపు ఒకటి, రంగు ఒకటి. నీకు ఏది కావల్నో చెప్పు, రెండోది గీకిపిస్తా.”

“నేనెందుకు చెప్తా? ఏసింది మీరే గదా సారూ. మీ రంగు ప్రకారమే తెరుస్తాండా.”

ఆయన ఇంకో రెండు రోజులు వచ్చి అడిగాడు. నేను ఇంకో రెండు రోజులు అదే చెప్పాను. మూడో రోజు సీలు వేయడానికి మనుషులతో వచ్చాడు. తలుపు దించబోయే ముందు, “లోపల పరాయోళ్ల చీరలేమన్నా ఉండాయా? ముందు అవి బయట పెట్టు. వాళ్లేం పాపం చేసినారు” అన్నాడు. నేను కదల్లేదు. ఆయన మనుషులే మూటగట్టి మా ఇంటి అరుగు మీద పెట్టి వచ్చారు, చీటీలు ఒక్కటి కూడా ఊడకుండా.

ఆ రోజు అమ్మ అంగట్లోనే ఉంది. అమ్మకు చెవుడు. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట అందుకుంటుంది. మాస్కులు వచ్చిన తర్వాత ఆమెకు ఎవరి మాటా అందేది కాదు, పసిబిడ్డ లాగా అందరి కళ్లలోకీ చూస్తూ ఉండేది. తలుపు దింపుతున్నారని తెలుసుగానీ ఎందుకో తెలియక, “ఏందప్పా, ఏం తప్పు చేసినాం?” అని ఆయన్ను అడుగుతూనే ఉంది. ఆయన వెనక్కి నడిచి, వీధి అవతలి కాలువ దాకా పోయి, అక్కడ మాస్కు గడ్డం కిందికి లాగి, ఒక్కో మాటా నిదానంగా చెప్పాడు. “అమ్మా, అంగడి వారం దినాలు మూస్తాండా. నీ తప్పు ల్యా. మళ్లీ నేనే వచ్చి తెరుస్తా.” అమ్మ తలూపింది. ఆయన మాస్కు పైకి లాక్కున్నాడు. అంతే, గుక్కెడు నీళ్లు తాగినంతసేపు.

నేను ఫిర్యాదులో ఏం రాశానో ఇప్పుడు చెబుతాను. సదరు ఇన్‌స్పెక్టరు మాస్కు లేకుండా మా అంగడికి వచ్చి, చెవులు వినపడని నా తల్లి మీద కేకలు వేశాడు అని రాశాను. కాలువ సంగతి రాయలేదు. ఊరందరి చేతా మాస్కు పెట్టించిన మనిషిని మాస్కుతోనే కొట్టాలనుకున్నాను. రాసి మడిచి జేబులో పెట్టుకున్నప్పుడు నాకు చాలా హాయిగా ఉంది. ఇది దాచి పెట్టి ఆయన మీద స్మృతి రాస్తే చెప్పుతో కొట్టాలి నన్ను.

ఆఫీసుకు పోతే సగం కుర్చీలు ఖాళీ. సగంమందే డ్యూటీకి రావాలని అప్పుడొక రూలు. కాగితాలు తీసుకునే గుమాస్తా లేడు, ఆ కిటికీ దగ్గర ఈయనే కూచుని ఉన్నాడు. వెనక్కి తిరిగి పోదామనుకున్నాను. పౌరుషం అడ్డం వచ్చింది, చేతికిచ్చాను. ఆయన మొదటి నుంచి చివరి దాకా చదివాడు. కాగితం నావైపు తిప్పి, కింద వేలు పెట్టాడు.

“తేదీ ఎయ్యలే. ఎయ్. తేదీ లేకపోతే దీన్ని ఎవురూ చూడరు.”

తేదీ వేశాను. ఆయన ముద్ర కొట్టి, నంబరు వేసి, రసీదు చించి ఇచ్చాడు. నన్ను ఒక మాట అనలేదు. అని ఉంటే నేను ఈపాటికి మరిచిపోయేవాణ్ని.

వారం తర్వాత అన్నమాట ప్రకారం ఆయనే వచ్చి సీలు తీశాడు. అప్పటికి రోజు మార్చి రోజు తెరిచే రూలే ఎత్తేశారు, ఏ రంగువాళ్లయినా రోజూ తెరుచుకోవచ్చు. నా ఫిర్యాదు మాత్రం పైకి పోయింది. ఆయన్ను బదిలీ చేశారు. విచారణ తేలేదాకా ప్రమోషన్ ఇవ్వరని తెలిసింది. సాక్ష్యం చెప్పమని నాకు మూడుసార్లు నోటీసు వచ్చింది. మూడుసార్లూ అమ్మ, “పోయి జరిగింది చెప్పురా. ఆయప్ప నా కోసమే మాస్కు దించినాడు” అంది. మొదటిసారి సరుకు వచ్చిందన్నాను, రెండోసారి జ్వరమన్నాను, మూడోసారి చెప్పులేసుకుని బయటికి పోయాను. అబద్ధమని ఒప్పుకోవడానికి సిగ్గు, మళ్లీ అబద్ధం చెప్పడానికి భయం. ఫైలు అట్లాగే నిలిచిపోయింది.

మధ్యలో ఒకసారి జమ్మలమడుగు బస్టాండులో ఎదురుపడ్డాడు. మాస్కులు పోయిన కాలం. మూతి చూసి గుర్తుపట్టలేదు, తువ్వాల చూసి పట్టాను. తిడతాడనుకుని నేను కూడా నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను.

“అమ్మకు చెవి మిషన్ పెట్టిచ్చినావా?” అన్నాడు.

“లేదు సారూ.”

“పెట్టియ్యప్పా. శానా యాతన పడె ఆ పొద్దు.” బస్సు ఎక్కి వెళ్లిపోయాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. అమ్మకు మిషన్ పెట్టించాను కానీ, ఆయన చెప్పినందుకని ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు నాలుగురోడ్ల దగ్గర ఆయన ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. నిస్వార్థ సేవకుడట. కట్టించింది ఆ వార్డు నాయకుడే. బావమరిది షాపు తెరవనివ్వలేదని ఆయన్ను నడివీధిలో అమ్మనాబూతులు తిట్టిన నోరు ఇప్పుడు కన్నీటి నివాళి అంటోంది. నన్నూ సంతాపసభలో మాట్లాడమన్నారు. పోలేదు. బతికుండగా ఆయన్ను ఏడిపించడమే అర్హతయితే ఆ వేదిక మీద వాళ్లందరికీ అది ఉంది, మళ్లీ నేనెందుకు?

ఉత్తరం వచ్చిన మర్నాడు జరిగిందంతా ఒక కాగితం మీద రాసి, ఈసారి తేదీ కూడా వేసి, ఆఫీసుకు తీసుకుపోయాను. కిటికీ దగ్గర కొత్త గుమాస్తా. చదవలేదు, పైన ఉన్న పాత నంబరు చూశాడు.

“ఈ ఫైలు మూసినాం గదన్నా.”

“నేను ఇచ్చిన కంప్లయింటు అబద్ధమని రాసినా. తీసుకో.”

“మనిషే లేడు. ఇప్పుడు దీన్ని యాడ పెట్టాల?” అని కాగితం కిటికీలోంచి వెనక్కి తోశాడు. తన మీద వచ్చిన కాగితానికి తన చేత్తో ముద్ర కొట్టిన మనిషి కూచున్న కిటికీ అది. ఎంత అరిచినా తీసుకోలేదు. వాళ్లు తీసుకోని ఆ కాగితానికి మిగిలిందీ కలిపి రాసిందే ఇది, మీరు చదువుతున్నది.

అక్కడి నుంచి నేరుగా అంగడికి వచ్చాను. గడపల మీద పరిచిన గోనెపట్టాలు తీశాను. నడిమధ్య కాళ్లు పడి రంగు అరిగిపోయింది కానీ, అంచుల్లో ఇంకా ఉంది, ఇటు పసుపు, అటు నీలం. ఆ రోజు బుధవారం, పసుపు గడప రోజు. సందు వైపు తలుపు మూసి గడియ పెట్టాను. అమ్మ చూసింది. తన స్టూలు జరుపుకుని బజారు తలుపు దగ్గర కూచుంది.

కాసేపటికి సందులోంచి ఎవరో తలుపు బాదారు. ఎప్పుడూ అటునుంచే వచ్చే ఆమె, చేతిలో చీర సంచి ఉంటుంది.

“ఏమప్పా, అంగడి తెరిసినావు గదా, ఈ తలుపేంది మూసినావు?”

“ఈ పొద్దు ఇటు తెరిసేది లేదమ్మా. బజారు పక్కనుంచి రా.”

“మళ్లీ ఏం రూలొచ్చిందో నాయనా” అని గొణుక్కుంటూ ఆమె మూల తిరిగి, పసుపు గడప దాటి లోపలికి వచ్చింది.